పెరట్లో రెండో ఇల్లు: ముగ్గు పోసేముందు తేలాల్సినవి

తిరుపతి పాత వీధుల్లో చాలా ఇళ్ల వరస ఒకటే. ముందు నాన్న కట్టిన ఇల్లు, వెనక బోరు, బాత్రూము, ఒక వేపచెట్టు, నాలుగు అరటి మొక్కలు. ఆ వెనక జాగా మీద ఇంట్లో అందరి కళ్లూ ఉంటాయి. కొత్తగా స్థలం కొనాలంటే ఊరికి దూరంగా పోవాలి. పెద్దవాళ్లను వదిలి పోలేం. కొడుక్కి పెళ్లి కుదిరింది, లేదా అద్దెకిస్తే నెలనెలా ఏదో ఒకటి చేతికొస్తుంది. "వెనక ఖాళీగానే ఉంది కదా, ఇంకో ఇల్లు వేసేద్దాం" అని ఎవరో ఒకరు అంటారు. వారం తిరక్కుండానే బేల్దారి మేస్త్రి టేపు పట్టుకుని దిగుతాడు.

టేపు రాకముందే ఇంట్లో ఒక ప్రశ్న తేలాలి. ఈ స్థలం కాగితం మీద ఒకటిగానే ఉంటుందా, రెండవుతుందా? ప్లాను అనుమతి, బ్యాంకు లోను, కరెంటు మీటరు, మురుగు పైపు, రేపు అమ్ముకోవడం అన్నీ ఈ జవాబును బట్టే మారతాయి. చాలామంది ఇల్లు లేచాక దీని గురించి మాట్లాడుకుంటారు. అప్పటికి మాటలు కాస్తా పోట్లాటలవుతాయి.

ఒక లెక్క తీసుకుందాం. దక్షిణం వైపు రోడ్డు, రోడ్డు మీద 33 అడుగులు, లోపలికి 66 అడుగులు. మొత్తం 2,178 చదరపు అడుగులు, అంటే సరిగ్గా ఐదు సెంట్లు, 242 గజాలు. మన వైపు అంకణానికి 36 చదరపు అడుగులు కాబట్టి అరవై అంకణాల పైచిలుకు. నెల్లూరు వైపు అంకణం దీనికి రెట్టింపు, 72 చదరపు అడుగులు. 2022లో తిరుపతి జిల్లా ఏర్పడినప్పుడు నాయుడుపేట, సూళ్లూరుపేట కూడా ఇందులోకే వచ్చాయి గనుక ఒకే జిల్లాలో రెండు అంకణాలు నడుస్తున్నాయి. ఎవరైనా అంకణాల్లో చెబితే దస్తావేజులో గజాలెన్నో చూసుకోవడం మేలు.

మన ఉదాహరణలో పాత ఇల్లు, దాని ముందు జాగా కలిసి 36 అడుగులు తినేస్తాయి. వెనక మిగిలేది 33 అడుగుల వెడల్పు, 30 అడుగుల లోతు. చూడ్డానికి డబుల్ బెడ్రూము ఇంటికి సరిపోయేలా ఉంటుంది. చుట్టూ వదలాల్సినవి వదిలాక ఎంత మిగులుతుందనేది వేరే విషయం.

మూడు దారులు

మొదటి దారి, స్థలాన్ని ముక్కలు చేయకుండా అదే యజమాని పేరు మీద వెనక రెండో కట్టడం కట్టడం. ఇప్పుడు ప్లాన్లు ఆన్‌లైన్‌లో లైసెన్సు ఉన్న ఇంజనీరు ద్వారా పెట్టాలి. ఆ ప్లానులో కొత్త ఇంటితో పాటు పాత ఇంటినీ చూపించాలి. చిక్కంతా అక్కడే వస్తుంది. నాన్న కట్టిన ఇల్లు ఏ పంచాయతీ కాలం నాటిదో అయి ఉంటుంది, ప్లాను కాగితం దొరకదు. లేదా ప్లానులో ఒకటి, నేల మీద ఇంకొకటి. ప్రహరీ గోడను ఆనుకుని వేసిన రేకుల వంటగది, సందులోకి పొడుచుకొచ్చిన మెట్లు, ఇన్నేళ్లూ ఎవరూ అడగనివన్నీ ఇప్పుడు కొలతల్లోకి వస్తాయి. ఆంధ్రప్రదేశ్ భవన నిర్మాణ నిబంధనలు 2017లో వచ్చాయి, ఆ తర్వాత చాలాసార్లు సవరించారు. వాటి ప్రకారం ఎంత ఖాళీ వదలాలనేది స్థలం మొత్తం విస్తీర్ణం, ఎదురుగా ఉన్న రోడ్డు వెడల్పు చూసి లెక్కిస్తారు. వెనక ముక్కకు విడిగా లెక్క ఉండదు. అందుకే పాత సంగతులు వినకుండా ప్లాను గీసిచ్చే ఇంజనీరును నేనైతే నమ్మను.

రెండో దారి, స్థలాన్ని విడగొట్టడం. ఐదు సెంట్లను నిలువునా చీల్చితే ఒక్కొక్కరికి పదహారున్నర అడుగుల వెడల్పు. రెండు పక్కలా మీటరు చొప్పున వదిలారనుకున్నా గోడలతో కలిపి పది అడుగుల లోపే మిగులుతుంది. అది ఇల్లు కాదు, రైలు పెట్టె. పోనీ ముందు ఒకటి, వెనక ఒకటి అని అడ్డంగా విడగొడితే వెనక ముక్కకు రోడ్డు లేదు. అనుమతి రావాలంటే ప్రతి ప్లాటూ నిబంధన చెప్పినంత వెడల్పున్న రోడ్డుకు ఆనుకుని ఉండాలి. ఇంటి పక్కన వదిలిన సందు రోడ్డు కింద లెక్కలోకి రాదు.

చాలామందికి ఇక్కడొక అపోహ ఉంది. అన్నదమ్ములు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో భాగపరిష్కారం రిజిస్టరు చేయించుకుంటారు, చెక్కుబందీ, అంటే నాలుగు వైపుల హద్దులు, విడివిడిగా రాయించుకుంటారు, ఇక రెండు ప్లాట్లయ్యాయనుకుంటారు. హక్కు విషయంలో అది నిజమే. కానీ కార్పొరేషనో, తుడానో (తిరుపతి పట్టణాభివృద్ధి సంస్థ), చిత్తూరు వైపైతే అక్కడి పట్టణాభివృద్ధి సంస్థ చుడానో ఆ విభజనను ప్లాట్లుగా ఒప్పుకోవడం వేరే పని. రిజిస్ట్రేషన్ అయిన వెనక ముక్కకు ప్లాను రాక, ప్లాను లేక లోను రాక ఆగిపోయిన కుటుంబాలు ప్రతి పేటలోనూ కనిపిస్తాయి.

మూడోది పైకి కట్టడం. వెనక కట్టాలని మనసు పడ్డవాళ్లకు ఇది రుచించదు గానీ, పాత ఇల్లు పిల్లర్ల మీద లేచిందైతే ముందు దీన్నే ఆలోచించాలని నా అభిప్రాయం. పెరడు, గాలి, వెలుతురు మిగులుతాయి, కొత్త పునాది ఖర్చు తప్పుతుంది. అయితే పిల్లర్లను నిర్మాణ ఇంజనీరు చూడాలి. "పైన రెండు అంతస్తులు మోస్తుంది సార్" అని అప్పట్లో మేస్త్రి అన్న మాట సరిపోదు. రాతి గోడ మీద మిద్దె వేసిన ఇళ్లయితే ఈ దారి దాదాపు మూసుకుపోయినట్టే.

ఎవరి నేల, ఎవరి డబ్బు

స్థలం నాన్న పేరున ఉంది, కొడుకు జీతం మీద లోను తెచ్చి వెనక ఇల్లు కడతాడు. ఇది మన దగ్గర రోజూ జరిగేదే. విడగొట్టని స్థలం కాబట్టి బ్యాంకు మొత్తం ఐదు సెంట్లనూ తాకట్టు పెట్టించుకుంటుంది. నాన్న సంతకం పెట్టాలి. కొడుకు వాయిదాలు తప్పితే అమ్మానాన్నలు ఉంటున్న ముందిల్లు కూడా చిక్కులో పడుతుంది. అదొక ఎత్తు. నాన్న తదనంతరం ఆ నేలకు వారసులందరూ హక్కుదారులవుతారు, పైన కట్టిన ఇల్లు తన డబ్బేనని కొడుకు ఎంత మొత్తుకున్నా తగువు తెగదు. స్వార్జితమైతే కట్టకముందే నాన్న గిఫ్ట్ సెటిల్‌మెంట్ రాసివ్వడమో, మిగతా పిల్లలకు ఏమిస్తున్నారో కూడా కలిపి వీలునామా రాయడమో చేస్తే అందరికీ మనశ్శాంతి.

పిత్రార్జితమైతే ఆడపిల్లల సంగతి మరవకూడదు. మన రాష్ట్రంలో పెళ్లికాని ఆడపిల్లలకు సమాన హక్కు 1985 సెప్టెంబరు నుంచే అమల్లోకి వచ్చింది. 2005లో కేంద్ర చట్టం పెళ్లయినవాళ్లకూ ఇచ్చింది. 2005 నాటికి తండ్రి బతికి ఉండాల్సిన పని లేదని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది. "చెల్లికి కట్నం ఇచ్చాం, పసుపు కుంకుమ కింద బంగారం పెట్టాం" అనేది ఇంట్లో చెల్లే మాటేమో, సబ్ రిజిస్ట్రార్ దగ్గర చెల్లదు. ఆమె తన వాటా వదులుకుంటే రిజిస్టరైన విడుదల దస్తావేజు ఉండాలి. వదులుకోనంటే ఆ లెక్క ముందే తేలాలి.

నేలకు ఉన్న పాత మచ్చలూ చూసుకోవాలి. చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో డీకేటీ పట్టాలు చాలా ఎక్కువ. అంటే ప్రభుత్వం పేదలకిచ్చిన అసైన్డ్ భూములు. వాటి అమ్మకం మీద 1977 చట్టం ఆంక్షలు పెట్టింది. చేతులు మారిన డీకేటీ జాగా మీద ఇల్లుందంటే రెండో ఇంటికి ప్లాను అడగబోతే మొదటి ఇంటి గుట్టు బయటపడుతుంది. తిరుపతిలో దేవస్థానం, హథీరాంజీ మఠం భూముల వివాదాలు కొత్త కాదు. చెరువు, వంక పోరంబోకులు సరేసరి. రిజిస్ట్రేషన్ చట్టం 22ఏ కింద నిషేధిత జాబితాలో సర్వే నంబరు ఉందేమో చూసుకుని, ఆస్తి మీద లావాదేవీలు చూపే ఈసీ తీయించుకుని, చేతులు మారినప్పటి పాత (లింకు) దస్తావేజులు వరసగా పెట్టుకోవాలి. అనుమతి లేని లేఅవుట్‌లో కొన్నదైతే దాన్ని క్రమబద్ధం చేసినట్టు ఎల్ఆర్ఎస్ కాగితం కావాలి. ఊళ్లు కార్పొరేషన్‌లో కలిసిన చోట గ్రామకంఠం ఇళ్లకు విడి సర్వే నంబరే ఉండదు, అక్కడ హద్దులే ఆధారం. హద్దు మీద ఏమాత్రం అనుమానమున్నా సర్వేయరుతో కొలిపించాలి. వెనక గోడ పక్కింటివాళ్ల జాగాలో అడుగున్నర ఉందని తేలితే ఖాళీ పెరడుగా ఉన్నప్పుడు సర్దుకోవచ్చు, పిల్లర్లు లేచాక కుదరదు.

మాస్టర్ ప్లానులో ఎదుటి రోడ్డు వెడల్పు ఎంతుందో కూడా టౌన్ ప్లానింగ్‌లో అడగండి. రోడ్డు వెడల్పు కోసం ముందు వైపు జాగా పోయేదుంటే, పాత ఇల్లు తగ్గి, లెక్కంతా తారుమారవుతుంది.

సందు

వెనక ఇంటి భవిష్యత్తు సందులో ఉంది. అన్నదమ్ముల మధ్య మాటలు ఆగిపోయేదీ అక్కడే.

33 అడుగుల వెడల్పులో పాత ఇంటికి ఒక పక్క వదిలిన ఖాళీయే ఇప్పుడు వెనకింటికి దారి అవుతుంది. అది మూడున్నర అడుగులో, నాలుగో ఉంటుంది. నాలుగడుగుల సందులో స్కూటర్ దూరుతుంది. ఎదురుగా ఎవరైనా వస్తే ఒకరు వెనక్కి నడవాలి. బీరువా నేరుగా పోతుంది గానీ మూల మీద తిరగదు. జబ్బుపడిన మనిషిని స్ట్రెచర్ మీద తేవాలంటే కిటికీ రెక్కలు మూయాలి. కొన్నిచోట్ల పాత ఇంటి మెట్లో, అరుగో కొట్టేసి సందును వెడల్పు చేయక తప్పదు. ఆ ఖర్చు, ఆ మనస్తాపం ముందే లెక్కలో ఉండాలి.

ఒకే స్థలం భాగాలైనప్పుడు వేరే దారి లేని ముక్కకు నడిచే హక్కు ఉంటుందని 1882 నాటి ఈజ్‌మెంట్ చట్టం 13వ సెక్షన్ చెబుతుంది. కానీ వెడల్పెంత, బండి పోవచ్చా, పైపు వేయొచ్చా అనేవి తేల్చుకోవడానికి కోర్టు మెట్లెక్కాలి. దానికన్నా భాగపరిష్కారంలోనే రాసుకోవడం సులువు: ఈ మూల నుంచి ఆ మూల దాకా ఇన్ని అడుగులు, నేల మీద ఏ కట్టడమూ ఉండదు, పైన సజ్జా, బాల్కనీ రావు, నీళ్ల పైపు, మురుగు పైపు, కరెంటు కేబులు కింద పోవచ్చు, మరమ్మతు ఖర్చు ఎవరిది. పైన బాల్కనీ సంగతి అతిగా అనిపించొచ్చు. అన్న మేడ మీద వేసిన సజ్జా నుంచి వాననీళ్లు తమ్ముడి తల మీద పడినప్పుడు ఆ వాక్యం విలువ తెలుస్తుంది.

ఇంకోటి. జేసీబీ వెడల్పు ఏడున్నర అడుగుల దాకా ఉంటుంది, ఈ సందులో పట్టదు. అంటే గుంతలు మనుషులే తవ్వాలి, తవ్విన మట్టి తట్టలతో రోడ్డు మీదికి మోయాలి, ఇసుక, కంకర రోడ్డు మీద దింపుకుని మళ్లీ తట్టలతోనే లోపలికి చేర్చాలి. అదే కొలతల ఇల్లు రోడ్డు పక్కన కట్టేదానికీ వెనక కట్టేదానికీ కూలి ఖర్చు ఒకటి కాదు. చదరపు అడుగుకు ఇంత అని మేస్త్రి చెప్పే రేటులో ఈ మోత ఉందో లేదో అడిగి రాయించుకోండి.

పెరటి నేల కొత్త నేల కాదు

ఖాళీగా ఉంది కదా అని పెరటిని పొలంలా చూస్తాం. ముప్పై నలభై ఏళ్లు ఒక కుటుంబం వాడిన నేల అది. ఎప్పుడో మూసేసిన బావి ఉంటుంది. పూడ్చిన పాత సెప్టిక్ గుంత ఉంటుంది, దాని మీద ఇప్పుడు కరివేపాకు చెట్టు ఏపుగా పెరిగి ఉంటుంది. ఎండిపోయిన బోరు కేసింగు, పేడదిబ్బ, పాత మిద్దె కూల్చినప్పటి రాళ్లు కూడా దొరుకుతాయి. ఇంట్లో ముసలివాళ్లు ఉండగానే వాళ్లను పెరట్లో నిలబెట్టి ఏది ఎక్కడుండేదో అడిగి సున్నంతో గుర్తులు పెట్టుకోవాలి. తర్వాత రెండు ఎదురెదురు మూలల్లో ఐదారడుగుల లోతు గుంతలు తీసి చూడాలి. చెత్త కలిసిన మట్టి ఎంత లోతు ఉందో, గట్టి నేల ఎక్కడ తగులుతుందో కంటికే తెలుస్తుంది. అనుమానంగా ఉంటే మట్టి పరీక్ష చేయించాలి. ఇంటి ఖర్చులో దానిది చిన్న భాగమే.

పాత గుంత దొరికితే పైన మట్టి కప్పి దాని మీద పిల్లర్ నిలపకూడదు. లోపలి బురదంతా తీయించి, ఒరలు తీసేసి, గ్రావెల్ పొరలు పొరలుగా వేసి తడిపి దిమ్మిస చేయాలి. లేదా పిల్లర్ల స్థానాలే మార్చుకోవాలి. మెరక తోలిన చోటా ఇదే సూత్రం. ఆరు నుంచి తొమ్మిది అంగుళాల పొర వేసి, నీళ్లు చల్లి, గట్టిపరచి, ఆపైన ఇంకో పొర. ఐదు ట్రాక్టర్ల మట్టి ఒకేసారి పోసి చదును చేస్తే రెండు వానలకు గచ్చు పగుళ్లిస్తుంది. పునాది మాత్రం మెరకను దాటి సొంత నేలలోకి దిగాల్సిందే.

మన దగ్గర నేల పేటకో రకం. కొండకు దగ్గరగా పోయేకొద్దీ ఎర్ర గ్రావెల్, గుండ్రాళ్లు. ఒకప్పటి చెరువు ఆయకట్టుల్లో బంకమట్టి. చిత్తూరు వైపు కొన్నిచోట్ల రెండు మూడడుగులకే బండ. బండ తగిలితే పునాదికి మంచిదే గానీ సెప్టిక్ ట్యాంకుకు, సంపుకు తలనొప్పి. ఊరి మధ్యలో తూటా పేల్చడానికి లేదు. ఉలి సుత్తులతోనో, చిన్న బ్రేకరుతోనో కొట్టించుకోవాలి.

పాత ఇంటి పునాది పక్కన తవ్వేటప్పుడు మరీ జాగ్రత్త. కొత్త గుంత పాత పునాది అడుగు కన్నా ఎంత లోతుకు పోతుందో, దానికి కనీసం రెట్టింపు దూరంలో ఉండాలన్నది మామూలు నేలల్లో ఇంజనీర్లు పాటించే లెక్క. మూడడుగులు కిందికి పోతే ఆరడుగుల ఎడం కావాలి. అంత జాగా లేకపోతే గుంతలన్నీ ఒకేసారి తెరవకుండా ఒకటి విడిచి ఒకటి తవ్వి కాంక్రీటు వేసుకుంటూ పోవాలి. తెరిచిన గుంతలో వాననీళ్లు నిలిచాయంటే పాత గోడకు బీట పడటానికి ఎక్కువ సమయం పట్టదు.

నీళ్లు ఎటు పోతాయి

తిరుపతికి ఉత్తరాన శేషాచలం కొండలు, దక్షిణాన స్వర్ణముఖి. కొండ మీద పడిన వాన ఊరి మీదుగా దక్షిణానికి దిగాలి. మధ్యలో గుంటలు, చెరువులు, వంకలు ఉండేవి. చాలావాటి మీద ఇప్పుడు వీధులున్నాయి. 2021 నవంబరు వానలకు ఏ వీధుల్లో నీళ్లు నిలిచాయో, ఎంత ఎత్తు వచ్చాయో అక్కడివాళ్లకు గుర్తే. గోడ మీద ఆ నీటి గీత ఉంటే కొలుచుకోండి. కొత్త ఇంటి బేస్‌మట్టం దానికి పైన ఉండాలి.

అప్పుడే శ్రీకృష్ణానగర్‌లో ఒక ఇంట్లో భూమిలోకి దించిన నీళ్ల ట్యాంకు సిమెంటు ఒరలతో సహా నేల పైకి లేచింది. లోపల శుభ్రం చేస్తున్న మనిషి భయంతో బయటికొచ్చింది. జనం వింతగా చూశారు, టీవీలు రోజంతా చూపించాయి. ఇందులో మహిమేమీ లేదు. చుట్టూ నేల నీళ్లతో నిండిపోయి, ట్యాంకు ఖాళీగా ఉంటే అది పడవలా తేలుతుంది. అందుకే కొత్తగా కట్టిన సంపును, సెప్టిక్ ట్యాంకును వానాకాలంలో ఖాళీగా వదలకూడదు. పైకప్పు, పైన మట్టి బరువు పడేదాకా నీళ్లు నింపి ఉంచాలి.

రోడ్డు మీద రోడ్డు వేసుకుంటూ పోవడం వల్ల పాత ఇళ్లు ఇప్పటికే రోడ్డు కన్నా లోతులో పడ్డాయి. ఇప్పుడు కొడుకు వెనక మూడడుగుల ఎత్తు బేస్‌మట్టం వేస్తాడు. ముందు రోడ్డు ఎత్తు, వెనక కొత్త ఇల్లు ఎత్తు, మధ్యలో నాన్న ఇల్లు. మొదటి పెద్ద వానకే నాన్న హాల్లో నీళ్లు. దీనికి మందు సందులోనే ఉంది. సందు అడుగున రోడ్డు కాలువ దాకా వాలు ఉండేలా కప్పు వేసిన కాలువ కట్టాలి, కొత్త ఇంటి మిద్దె నీళ్లన్నీ పైపులతో అందులోకో, ఇంకుడు గుంతలోకో దించాలి. అసలు రోడ్డు కాలువే ఎత్తులో ఉందంటే కొత్త ఇంటి ఎత్తు పెంచడం కన్నా పాత ఇంటికి ఏం చేయాలన్నది ముందు ఆలోచించాలి.

మురుగు సంగతికొద్దాం. భూగర్భ డ్రైనేజీ ఉన్న వీధైతే రెండిళ్లదీ అందులో కలపొచ్చు, వాలు సరిపోతుందో లేదో చూసుకోవాలి. లేని చోట కథ వేరు. మన ఉదాహరణలో వాస్తు చూసే ఆయన బోరు ఈశాన్యంలో, సెప్టిక్ ట్యాంకు వాయవ్యంలో అంటాడు. రెండూ ఉత్తరం గోడ వెంబడే. ఆ గోడ పొడవు 33 అడుగులు, అంటే పది మీటర్లు. తాగునీటి బోరుకూ, మురుగు నేలలోకి ఇంకే గుంతకూ మధ్య 18 మీటర్లు ఉండాలని ప్రమాణాలు చెబుతాయి. ఐదు సెంట్లలో పక్కింటివాళ్ల బోర్లు కూడా కలుపుకుంటే అది దాదాపు అసాధ్యం. వాస్తును కాదనమని నేననను, కాదంటే ఇంట్లో ఒప్పుకోరు కూడా. నీళ్లు చొరబడని ట్యాంకు కట్టి, అందులోంచి బయటికి వచ్చేదాన్ని బోరుకు వీలైనంత దూరంగా, రోడ్డు వైపుకు తీసుకుపోవడం ఉన్నంతలో మంచి మార్గం. ఆ బోరు నీళ్లు తాగడం మానేసి వాడుకకే ఉంచుకోవాలి.

రెండో బోరు వేయాలనుకుంటే నీరు, భూమి, చెట్లను కాపాడే వాల్టా చట్టం కింద అనుమతి కావాలి. చెట్టు కొట్టడానికీ అదే చట్టం అడ్డొస్తుంది. ఎవరో ఇచ్చారని సరదాగా నాటిన ఎర్రచందనం మొక్క పెద్దదై పెరట్లో ఉంటే అటవీ శాఖ అనుమతి లేకుండా గొడ్డలి ఎత్తొద్దు. మన పెరటి చెట్టేనన్న మాట అక్కడ పనికిరాదు.

కరెంటు తీగలు గోడకు దగ్గరగా పోతుంటే, 11 కేవీ లైను దాకా పక్కకు కనీసం 1.2 మీటర్ల ఎడం ఉండాలి. కొత్త మేడ మెట్లు ఎటు వస్తాయో దాన్ని బట్టి చూసుకోవాలి. విడి మీటరు కోసం రెండో సర్వీసు అడిగేటప్పుడు కేబులు ఏ దారిన వెళుతుందో సందు ప్లానులోనే ఉండాలి.

ఎప్పుడు మొదలుపెట్టాలి

మనకు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. ధనుర్మాసంలో ఎలాగూ శంకుస్థాపనకు ఒప్పుకోరు. సంక్రాంతి వెళ్లాక మంచిరోజు చూసి ముగ్గు పోస్తే, ఎండాకాలంలో పునాదులు, బేస్‌మట్టం అయిపోయి, వానల నాటికి స్లాబు పడుతుంది. నీళ్లకు మాత్రం ఏప్రిల్, మే నెలల్లో ఇబ్బందే. క్యూరింగుకు ట్యాంకర్లు తెప్పించే ఖర్చు లెక్కలో రాసుకోవాలి, చిత్తూరులో మరీ. అనుమతులకు, భాగాల మాటలకు అంతకు ముందు వానాకాలమంతా ఉంది.

ఇంకొక్కటి, ఇది చాలా ఇళ్లలో ఆఖరి నిమిషంలో గుర్తొస్తుంది. పాత ఇళ్లకు బాత్రూము, లెట్రిన్ పెరట్లోనే ఉంటాయి. కొత్త ఇంటికి అడ్డమని కూలీలు మొదటి రోజే వాటిని పడగొడతారు. బోరు మోటారు తీగ తెగుతుంది, సంపుకు పోయే పైపు పగులుతుంది. ఆ తర్వాత ఎనిమిది తొమ్మిది నెలలు డెబ్బై ఏళ్ల అమ్మానాన్నలు పక్కింటి తలుపు తట్టాలా? కాబట్టి మొదటి పని ముందింట్లోనే జరగాలి. ఏదో ఒక గదిని తగ్గించి లోపలే బాత్రూము కట్టించి, నీళ్ల పైపు, మురుగు పైపు రోడ్డు వైపుకు తిప్పించి, మోటారు కేబులు పక్క గోడ మీదికి మార్పించి, వారం పది రోజులు వాడి చూడాలి. అన్నీ సరిగ్గా పనిచేస్తున్నాయనుకున్నాక వెనక గోడ మీద మొదటి గడ్డపార వేయించవచ్చు.